ఆ "140" ఏ వరుసలోది? లిస్ప్‌లో చదివిన డేటాకు చిరునామా

ఒక కిరాణా దుకాణం సరుకుల పట్టికను లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష పద్ధతిలో, బ్రాకెట్లతో, ఒక ఫైలులో రాసిపెట్టుకున్నారనుకుందాం. మూడు వేల వరుసలు. మధ్యలో ఎక్కడో ఈ వరుస ఉంది:

(సరుకు "కందిపప్పు" (ధర "140") (నిల్వ 25))

నిల్వ దగ్గర అంకె సరిగానే ఉంది. ధర దగ్గర మాత్రం ఎవరో పొరపాటున కొటేషన్ గుర్తులు పెట్టారు. దాంతో అది సంఖ్య కాకుండా మూడు అక్షరాల స్ట్రింగు, అంటే పాఠం, అయింది. ఫైలును చదివేటప్పుడు ప్రోగ్రాం ఏమీ అనదు, ఎందుకంటే లిస్ప్ రాతలో అది తప్పు కాదు. ధరను నిల్వతో గుణించే చోటికి వచ్చాక ఆగిపోయి, "140" సంఖ్య కాదని ఫిర్యాదు చేస్తుంది. అది ఏ వరుసలోదో చెప్పదు. చెప్పలేదు కూడా, ఆ సమాచారం అప్పటికే దాని దగ్గర లేదు.

ఇక ఎడిటర్‌లో వెతుకులాట మొదలవుతుంది. "140" కనుక కొటేషన్లతో వెతికితే దొరుకుతుంది. అదే తప్పు ఒక సున్నా రూపంలో ఉంటే? ఎక్కడో ఒక ధర 0 అని పడింది, దానితో భాగించేటప్పుడు ప్రోగ్రాం కూలింది. నిల్వ అయిపోయిన సరుకులకు కూడా సున్నాలే కాబట్టి ఫైలు నిండా సున్నాలే ఉంటాయి.

ఇదే పొరపాటు ప్రోగ్రాం కోడులో జరిగి ఉంటే కంపైలర్ ఫలానా ఫైలు, ఫలానా చోటు అని వేలు పెట్టి చూపించేది. డేటా దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. కోడూ డేటా ఒకటే అని గొప్పగా చెప్పుకునే భాషలో ఈ వివక్ష కాస్త విచిత్రమైనదే.

నిజానికి మొదట ఇల్లు డేటాది. 1958లో ఎంఐటీలో జాన్ మెకార్తీ లిస్ప్ పని మొదలుపెట్టినప్పుడు బ్రాకెట్ల రాతను డేటా కోసమే ఉద్దేశించాడు. ప్రోగ్రాములకు ఎం-ఎక్స్‌ప్రెషన్లు అనే వేరే రాత ఉండాలన్నది ఆలోచన. ఆయన 1960 వ్యాసంలో ఆ రెండో రాత కనిపిస్తుంది. ఈలోగా ఆయన దగ్గర పనిచేసే స్టీవ్ రస్సెల్, లిస్ప్ రాతను అమలు చేసే ఇవాల్ అనే ఫంక్షన్‌ను ఐబీఎం 704 కంప్యూటర్ మీద చేత్తో మెషీన్ కోడులోకి మార్చి నడిపించాడు. ఆ క్షణం నుంచి డేటా రాతే ప్రోగ్రాం రాత కూడా అయిపోయింది. ఎం-ఎక్స్‌ప్రెషన్లు కాగితం మీదే మిగిలాయి. అంటే డేటా ఇంట్లోకి కోడు అద్దెకు వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ అద్దెదారు కోసం గదులు, దీపాలు, గుమ్మం మీద నంబరు అన్నీ అమరాయి. ఇంటి యజమాని మాత్రం ఇప్పటికీ చిరునామా లేకుండానే ఉన్నాడు.

రీడర్ పారేసేది ఏమిటి

సాధారణ భాషల్లో పార్సర్ అక్షరాలను చదివి ఒక వాక్యనిర్మాణ వృక్షాన్ని తయారు చేస్తుంది. ఆ వృక్షంలో ప్రతి కణుపూ పార్సర్ సొంతంగా పుట్టించినది కాబట్టి, వరుస సంఖ్య రాసుకోవడానికి అందులో ఒక గడి పెట్టుకుంటే సరిపోతుంది. లిస్ప్‌లో అటువంటి మధ్య అంచె లేదు. చదివే భాగమైన రీడర్, అంటే రీడ్ అనే ఫంక్షన్, అక్షరాలను మింగి నేరుగా లిస్ప్ వస్తువులనే ఇస్తుంది: కాన్స్ సెల్స్ (లిస్టును కట్టే చిన్న పెట్టెలు), సింబల్స్ (ధర వంటి పేర్లు), సంఖ్యలు, స్ట్రింగులు. ఇవి ప్రోగ్రాం రోజువారీ పనిలో వాడుకునే వస్తువులే. వీటిలో "నేను ఫలానా వరుసలో పుట్టాను" అని రాసుకునే గడి లేదు.

గడి లేకపోతే పక్కన ఒక పుస్తకం పెట్టుకోవచ్చు కదా అన్నది మొదట తోచే ఉపాయం. వస్తువు కీగా, చోటు విలువగా ఒక హ్యాష్ టేబుల్. ఈ ఉపాయం సగం దూరమే వెళుతుంది. మిగతా సగంలో ఎందుకు ఆగిపోతుందో మన వరుసలోనే కనిపిస్తుంది.

ధర అనే సింబల్ ఫైలులో మూడు వేల సార్లు ఉంటుంది. మెమరీలో మాత్రం ఒక్కటే ఉంటుంది. రీడర్ ఆ పేరు ఎదురైన ప్రతిసారీ ప్యాకేజీ అనే పేర్ల పట్టికలో వెతికి, ఉన్న సింబల్‌నే తిరిగి ఇస్తుంది. సింబల్స్‌ను ఒక్క పోలికతో గుర్తించగలగడానికి కారణం ఇదే. అటువంటి వస్తువుకు చోటు రాస్తే, చివరిసారి రాసినదే మిగులుతుంది. 25 అనే సంఖ్య పరిస్థితి ఇంకా కష్టం. అది చాలా లిస్ప్‌లలో మెమరీలో వేరుగా ఉండే వస్తువే కాదు, సెల్‌లోని పాయింటర్ స్థానంలో విలువే నేరుగా కూర్చుంటుంది. స్ట్రింగులు నయం, రీడర్ సాధారణంగా ప్రతిదాన్నీ కొత్తగా పుట్టిస్తుంది. లిస్టులు కూడా ప్రతిసారీ కొత్త సెల్స్‌తోనే వస్తాయి కాబట్టి వాటికి పుస్తకం పనిచేస్తుంది. ఒక్క మినహాయింపు ఖాళీ లిస్టు. లిస్ప్ రకాల్లో ఒకటైన కామన్ లిస్ప్‌లో () అంటే నిల్ అనే సింబలే. లోకంలోని ఖాళీ లిస్టులన్నీ ఒకే నిల్. "ఈ సరుకుకు వివరాలు ఖాళీగా వదిలేశారు" అని వరుసతో సహా చెప్పాలనుకున్నప్పుడు ఈ నిల్ కచ్చితంగా అడ్డుపడుతుంది.

రైలు రిజర్వేషన్ చార్టుతో పోల్చి చూస్తే విషయం తేలికవుతుంది. ఎస్4 పెట్టెలో ముగ్గురు లక్ష్ములు ఉండవచ్చు. "లక్ష్మి ఎక్కడ కూర్చుంది?" అన్న ప్రశ్నకు పేరు నుంచి జవాబు రాదు, బెర్తు నుంచి వస్తుంది. లిస్ప్ డేటాలో సింబల్స్, సంఖ్యలు పేర్ల వంటివి. బెర్తు ఏది అన్నదే అసలు ప్రశ్న.

బెర్తు ఉంది. దాని పేరు కాన్స్ సెల్. (నిల్వ 25) అనే లిస్టులో రెండు సెల్స్ ఉన్నాయి. మొదటిది నిల్వను పట్టుకుంటుంది, రెండోది 25ను పట్టుకుంటుంది. 25 ఎక్కడైనా 25ఏ, కానీ దాన్ని పట్టుకున్న రెండో సెల్ మాత్రం ఫైలు మొత్తానికి ఒక్కటే. కాబట్టి పుస్తకంలో "25 ఫలానా చోట" అని కాకుండా "ఈ సెల్ పట్టుకున్నది ఫలానా చోట" అని రాయాలి. నిల్ సమస్య కూడా దీనితోనే తీరుతుంది, ఎందుకంటే ఖాళీ లిస్టును పట్టుకున్న సెల్ ఖాళీ కాదు. బయట మిగిలేవి మూడే: ఏ లిస్టులోనూ లేకుండా ఫైలులో పై స్థాయిలో ఒంటరిగా ఉన్న అణువులు (సంఖ్య, సింబల్ వంటి విడి అంశాలు), వెక్టర్ల లోపలి అంశాలు, లిస్టు చివర చుక్క తర్వాత వచ్చే తోక. వెక్టర్‌కు వెక్టరూ సూచికా కలిపి కీగా వాడుకోవచ్చు. మిగతా రెండూ డేటా ఫైళ్లలో అరుదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చోటు సెల్‌కు కట్టినప్పుడు, తనిఖీ చేసే కోడు కూడా సెల్‌ను చేతిలో ఉంచుకోవాలి. మనకు అలవాటైన ఫంక్షన్లు చాలావరకు సెల్‌ను విప్పి విలువను తీసి, సెల్‌ను వదిలేస్తాయి. పేరు, విలువ, పేరు, విలువ అని సాగే ఆస్తి జాబితాల్లో వెతికే గెట్ఎఫ్ విలువను మాత్రమే ఇస్తుంది. దాని పక్కనే అంతగా ఎవరూ పట్టించుకోని గెట్-ప్రాపర్టీస్ అనే ఫంక్షన్ ఉంది. అది కీనీ, విలువనూ, వాటితోపాటు ఆ జంట మొదలయ్యే సెల్‌నూ ఇస్తుంది. లిస్టులో ఒక అంశాన్ని వెతికే మెంబర్ కూడా సెల్‌నే ఇస్తుంది. పేరును బట్టి వెతికే అసాక్ అయితే (ధర "140") అనే చిన్న లిస్టునే తెచ్చి చేతిలో పెడుతుంది, దానికి చిరునామా ఎలాగూ ఉంది. సరుకుల పట్టిక వంటి ఫైళ్లలో ప్రతి విలువనూ ఒక పేరుతో కలిపి బ్రాకెట్లో పెట్టే అలవాటు వల్ల, లిస్టుల చోట్లు మాత్రమే రాసుకున్నా చాలావరకు పని జరిగిపోతుంది. ఉదాహరణకు 1874వ వరుసలోని ధర అని తెలిశాక అందులో ఏ అక్షరం దగ్గర అన్నది కళ్లే చూసుకుంటాయి.

బ్రాకెట్‌కు కొక్కెం వేయడం

పుస్తకం నింపేది ఎవరు? కామన్ లిస్ప్‌లో రీడర్‌ను మార్చుకోవడానికి రీడ్‌టేబుల్ ఉంది, ఏ అక్షరం ఎదురైతే ఏం చేయాలో చెప్పే పట్టిక అది. కొన్ని అక్షరాలు మాక్రో అక్షరాలు. అవి ఎదురైనప్పుడు రీడర్ వాటికి కట్టిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఎడమ బ్రాకెట్ అటువంటిదే. రీడ్‌టేబుల్‌ను కాపీ చేసుకుని, ఎడమ బ్రాకెట్‌కు ఉన్న పాత ఫంక్షన్ చుట్టూ కొత్తది చుట్టాలి. కొత్త ఫంక్షన్ ముందు ఫైలులో తానున్న చోటు రాసుకుంటుంది. అప్పటికే బ్రాకెట్ మింగేసి ఉంటుంది కాబట్టి ఒకటి తగ్గించి రాసుకోవాలి. తర్వాత పాత ఫంక్షన్‌ను పిలిచి, అది తెచ్చిన లిస్టును మొదలు, చివరలతో పుస్తకంలో వేస్తుంది. ఇరవై వరుసల కోడు కూడా అవసరం లేదు.

ఈ పద్ధతి లిస్టులకు బాగుంటుంది. సింబల్స్, సంఖ్యల దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ధ అనే అక్షరమో 2 అనే అంకెయో మాక్రో అక్షరం కాదు. వాటికి రీడ్‌టేబుల్‌లో కొక్కెం వేసే చోటే లేదు. సెల్ స్థాయిలో చోట్లు కావాలంటే ఎడమ బ్రాకెట్ ఫంక్షన్‌ను చుట్టడం కాదు, పూర్తిగా కొత్తగా రాయాలి: ఖాళీలు, వ్యాఖ్యలు దాటించడం, చోటు రాసుకోవడం, ఒక అంశాన్ని చదవడం, మళ్లీ చోటు రాసుకోవడం, కుడి బ్రాకెట్ వచ్చేదాకా ఇదే. చుక్క వస్తే తోక సంగతి కూడా చూడాలి. వినడానికి చిన్న పనే. చేస్తుంటే చిన్న చిన్న ముళ్లు గుచ్చుకుంటాయి. ఖాళీలను దాటించే పీక్-కేర్ సెమికోలన్ వ్యాఖ్యలను దాటించదు. పై స్థాయిలో పిలిచిన రీడ్, సింబల్ తర్వాత ఉన్న ఒక ఖాళీని కూడా మింగేయవచ్చు, దాంతో చివర ఒక అక్షరం ముందుకు జరుగుతుంది. దానికోసమే రీడ్-ప్రిజర్వింగ్-వైట్‌స్పేస్ అనే పొడుగు పేరు ఫంక్షన్ ఉంది.

చివరను విడిగా రాసుకోవడం ఎందుకు, మొదలుకు సింబల్ పేరు పొడవు కలిపితే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. కామన్ లిస్ప్‌లో సింబల్ ముందు ప్యాకేజీ పేరు ఉండవచ్చు, లోపల తప్పించే గుర్తులు (ఎస్కేప్ క్యారెక్టర్లు) ఉండవచ్చు. పైగా కామన్ లిస్ప్‌ను నడిపించే ప్రోగ్రాముల్లో ఒకటైన ఎస్‌బీసీఎల్‌లో రీడర్ సింబల్ పేర్లను మామూలుగా యూనికోడ్ నార్మలైజేషన్ చేసి నిల్వ చేస్తుంది. తెలుగులో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వమూ ఐత్వపు పొడిగింపూ అని రెండు గుర్తులుగానూ రాయవచ్చు. ఫైలులో రెండు ఉన్నా సింబల్ పేరులో ఒకటే మిగులుతుంది. ఫైలులోని పొడవు ఫైలుకే తెలుసు.

డేటా చదివేటప్పుడు గుర్తుంచుకోవలసిన జాగ్రత్త ఇంకొకటి ఉంది. దాని గురించి ఇక్కడ ఒక్క మాటే: రీడ్-ఇవాల్ అనే గ్లోబల్ వేరియబుల్‌ను నిల్ చేయకుండా పరాయి ఫైలును రీడ్‌తో చదవకూడదు. లేకపోతే ఆ ఫైలు రాసినవాళ్లు తమకు నచ్చిన కోడును మన మెషీన్ మీద నడిపించగలరు.

55, 23, 16

చోటు రాసుకోవడం అంటే ఒక సంఖ్య రాసుకోవడం. ఆ సంఖ్య దేనిని లెక్కపెడుతోంది అన్న ప్రశ్న ఇంగ్లిష్ ఫైళ్లతో పనిచేసేవారికి ఏళ్ల తరబడి ఎదురుకాకపోవచ్చు. తెలుగు ఫైలుతో మొదటి రోజే ఎదురవుతుంది.

మన కందిపప్పు వరుసనే తీసుకుందాం. "140" మొదలయ్యే కొటేషన్ గుర్తుకు ముందు ఎంత ఉంది? యూటీఎఫ్-8 ఫైలులో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. సరుకులో 5 గుర్తులు, కందిపప్పులో 9, ధరలో 2, మొత్తం 16 గుర్తులకు 48 బైట్లు. బ్రాకెట్లు, కొటేషన్లు, ఖాళీలు కలిపి 7. అంటే 55 బైట్లు. యూనికోడ్ గుర్తులుగా లెక్కపెడితే 16కు 7 కలిపి 23. తెర మీద కంటికి కనిపించే అక్షరాలుగా అయితే స-రు-కు, కం-ది-ప-ప్పు, ధ-ర అని తొమ్మిది, వాటికి ఆ ఏడు కలిపితే 16. ఒకే చోటుకు మూడు సమాధానాలు, మూడూ సరైనవే.

ఫైలులో ఉన్న చోటును చెప్పే ఫైల్-పొజిషన్ అనే ఫంక్షన్ ఈ మూడింటిలో ఏది ఇస్తుంది? ఎస్‌బీసీఎల్‌లో బైట్లు. కామన్ లిస్ప్ ప్రమాణం అయితే అక్షరాల ఫైళ్లకు ఆ సంఖ్య పెరుగుతూ పోతే చాలు, ఒక్కో అక్షరానికి ఒకటే పెరగాలన్న నియమం లేదని వదిలేసింది. ఎడమ బ్రాకెట్ ఒక బైటే కాబట్టి పైన చెప్పిన "ఒకటి తగ్గించడం" పనిచేస్తుంది. మాక్రో అక్షరంగా తెలుగు గుర్తును పెట్టుకున్నవారు మూడు తగ్గించాలి. అటు ఎడిటర్లు మాట్లాడుకునే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కపెడుతుంది. తెలుగు గుర్తులన్నీ అందులో ఒక్కో యూనిట్‌లోనే ఇముడుతాయి కాబట్టి మనకు 23 వస్తుంది. అదే వరుసలో ఒక ఇమోజీ ఉంటే అది రెండు యూనిట్లు.

దీని మీద వరుసలను, నిలువు స్థానాలను (వరుసలో ఎన్నో గుర్తు అన్నదాన్ని) సున్నా నుంచి లెక్కపెట్టాలా, ఒకటి నుంచా అన్న గొడవ వేరే ఉంది. రాకెట్ అనే లిస్ప్ వరుసలను 1 నుంచి, నిలువు స్థానాలను 0 నుంచి లెక్కిస్తుంది. గైల్ అనే మరో లిస్ప్ లోపల రెండింటినీ 0 నుంచి. గ్నూ ప్రాజెక్టు పద్ధతి తప్పు సందేశాల్లో నిలువు స్థానాలు 1 నుంచి. వీటిని గుర్తుపెట్టుకోవడం కన్నా మంచి మార్గం, పుస్తకంలో ఫైలు మొదటి నుంచి బైట్ల సంఖ్య ఒక్కటే రాసుకోవడం. వరుసలు ఎక్కడెక్కడ మొదలయ్యాయో ఒక వెక్టర్‌లో ఉంచుకుంటే, తప్పు దొరికినప్పుడు మాత్రమే అందులో రెండుగా విభజిస్తూ వెతికి వరుస తేల్చవచ్చు, నిలువు స్థానాన్ని ఎవరికి ఏ కొలత కావాలో ఆ కొలతలో ఇవ్వవచ్చు. మూడు వేల వరుసల్లో ఒక్క తప్పు ఉన్నప్పుడు, తప్పు లేని ప్రతి అంశానికీ వరుస, నిలువు స్థానం లెక్కకట్టి పెట్టుకోవడం వృథా శ్రమ.

కోడుకు ఏం చేశారు

అద్దెదారు గదిలోకి కూడా ఒకసారి తొంగి చూడాలి. ఎస్‌బీసీఎల్ కంపైలర్ ప్రతి ఉపరూపానికీ (ఒక పూర్తి రాత, అంటే రూపం, లోపలి ప్రతి ముక్కకూ) ఫైలులోని చోటు రాసుకోదు. దారి రాసుకుంటుంది. ఫైలులో ఎన్నో పై స్థాయి రూపం, అందులో ఎన్నో అంశం, దాని లోపల ఎన్నో అంశం. మన వరుసలో "140"కు దారి 2, ఆపైన 1, సున్నా నుంచి లెక్కపెడితే. ఎడిటర్‌లో తప్పు చోటు చూపించాల్సి వచ్చినప్పుడు ఈమాక్స్ ఎడిటర్‌లో లిస్ప్ రాసేందుకు వాడే స్లైమ్ వెనక పనిచేసే స్వాంక్ అనే ప్రోగ్రాం, ఆ ఫైలులోని రూపాన్ని మళ్లీ చదువుతుంది. ఈసారి మాక్రో అక్షరాలకు కొక్కేలు వేసిన రీడ్‌టేబుల్‌తో. చదివాక దారి వెంట నడిచి చోటు పట్టుకుంటుంది.

తెలివైన పొదుపు ఇది. మామూలుగా చదివేటప్పుడు ఖర్చు ఏమీ ఉండదు, తప్పు వచ్చినప్పుడే రెండోసారి చదవడం. అయితే రెండోసారి చదివింది మొదటిసారి చదివినట్టే ఉండాలి. ప్యాకేజీ మారినా, షరతుతో దాటవేసే రూపాల విషయంలో ఫీచర్ల జాబితా మారినా దారి తప్పుతుంది. చదివేటప్పుడే నడిచే కోడు ఫైలులో ఉంటే అది రెండోసారి నడవకూడదు, అందుకే స్వాంక్ దాన్ని అణచిపెట్టి చదువుతుంది. కంపైల్ చేశాక ఎవరైనా ఫైలును సవరించి ఉంటే దారి పాతది, ఫైలు కొత్తది. అందుకని ఆ రూపం తాలూకు చిన్న తునకను కూడా దగ్గర ఉంచుకుని, చుట్టుపక్కల వెతుకుతుంది. డేటా ఫైళ్లకు కూడా ఈ పద్ధతి పనికొస్తుంది. ముఖ్యంగా ఫైలు పెద్దదై తప్పులు అరుదైనప్పుడు ఇదే చౌక.

వేరే లిస్ప్‌లు వేరే దారులు పట్టాయి. రాకెట్ రీడర్ రెండు రకాలుగా చదవగలదు. రీడ్-సింటాక్స్‌తో చదివితే సంఖ్య, స్ట్రింగు, ఖాళీ లిస్టు సహా ప్రతిదీ ఒక సింటాక్స్ వస్తువులో చుట్టుకుని వస్తుంది. అందులో ఫైలు, వరుస, నిలువు స్థానం, మొదలు, పొడవు ఐదూ ఉంటాయి. డేటాకూ అదే వాడుకోవచ్చు, చివర్లో చుట్టు విప్పుకోవడం ఒక్క పిలుపు. అయితే ఫైలు తెరవగానే వరుసల లెక్కింపును విడిగా మొదలుపెట్టాలి. అది మరిచిపోతే వరుస, నిలువు స్థానం రావు, మొదలు అనే సంఖ్య అక్షరాలకు బదులు బైట్లను లెక్కపెడుతుంది. తెలుగు ఫైలులో ఈ బైట్ల తేడా వెంటనే బయటపడుతుంది, ఇంగ్లిష్ ఫైలులో ఏళ్లు దాగి ఉండగలదు.

క్లోజర్ అనే లిస్ప్‌లో సింబల్స్ కామన్ లిస్ప్ సింబల్స్‌లా ఊరంతటికీ ఒకటి కావు, కాబట్టి వాటికి మెటాడేటా (అదనపు సమాచారం) తగిలించవచ్చు. కానీ భాషతో వచ్చే రీడర్ వరుస, నిలువు స్థానం లిస్టులకు మాత్రమే తగిలిస్తుంది. క్లోజర్ ప్రపంచంలో డేటా ఫైళ్లు ఎక్కువగా మ్యాపులు, వెక్టర్లతో ఉంటాయన్నది ఇక్కడ చేదు వాస్తవం. టూల్స్.రీడర్ అనే లైబ్రరీ వాటికీ, సింబల్స్‌కూ తగిలిస్తుంది, మొదలుతోపాటు చివరను కూడా ఇస్తుంది. సంఖ్యలు, స్ట్రింగులు జావావి, కీవర్డులు మెటాడేటా మోయవు. వాటి చోటు తెలియాలంటే మళ్లీ వాటిని పట్టుకున్నదాన్నే అడగాలి.

ఈమాక్స్ ఎడిటర్ సొంత భాష అయిన ఈమాక్స్ లిస్ప్ కథ అన్నిటికన్నా ఆసక్తికరం. దాని బైట్ కంపైలర్ చాలా ఏళ్లు సింబల్స్ చోట్లను ఒక జాబితాలో వేసుకుని, హెచ్చరిక ఇచ్చేటప్పుడు ఊహించి చెప్పేది. ఊహ తరచు తప్పేది. 2023 జులైలో వచ్చిన ఈమాక్స్ 29లో చోటుతో కూడిన సింబల్ అనే కొత్త రకం వస్తువు వచ్చింది. కంపైలర్ చదివేటప్పుడు సింబల్ ఎదురైన ప్రతిసారీ, అసలు సింబల్‌నూ చోటునూ కలిపి ఒక కొత్త వస్తువు పుడుతుంది. మరి ఒకే సింబల్ తాలూకు రెండు చుట్లు సమానమా? సమానం కాకపోతే కోడును రాసే కోడు అయిన మాక్రోలన్నీ విరిగిపోతాయి. అందుకని ఒక జెండా ఎత్తి ఉన్నప్పుడు ఈక్యూ అనే పోలిక చుట్టును దాటి లోపలి సింబల్‌ను చూస్తుంది. లిస్ప్‌లో అన్నిటికన్నా చిన్నదీ, అన్నిటికన్నా ఎక్కువసార్లు నడిచేదీ అయిన పనిలో ఒక అదనపు పరీక్ష చేర్చారన్నమాట. వరుస సంఖ్య కోసం భాష పునాది రాయినే కదిలించాల్సి వచ్చింది. ఇంత చేసినా నిల్‌కు మాత్రం చోటు లేదు, ఆ ఒక్కదాన్నీ మినహాయించారు.

కామన్ లిస్ప్‌లో సొంతంగా కొక్కేలు వేసుకునే ఓపిక లేనివారికి ఎక్లెక్టర్ ఉంది. ఇది విడి లైబ్రరీగా రాసిన పూర్తి రీడర్. ఒక అంశం చదవడం పూర్తయిన ప్రతిసారీ మన మెథడ్ ఒకదాన్ని పిలిచి, వస్తువు, దాని పిల్లలు, మొదలూ చివరా అందిస్తుంది. దాటవేసిన వ్యాఖ్యలకు కూడా విడిగా పిలుపు వస్తుంది. దానితో ఏం కట్టుకుంటామన్నది మన ఇష్టం. కొత్తగా మొదలుపెట్టే పనికి ఇదే తగిన ఎంపిక. బయటి లైబ్రరీ ఏదీ వద్దనుకున్న చిన్న ప్రోగ్రాములకు రీడ్‌టేబుల్ కొక్కేలు సరిపోతాయి.

మూయని బ్రాకెట్

కొక్కేలు వేసినందుకు అడగకుండానే దక్కే లాభం ఒకటుంది. ఫైలులో ఒక కుడి బ్రాకెట్ తక్కువైతే మామూలు రీడర్ ఫైలు చివరి వరకూ వెళ్లి, ఫైలు అయిపోయిందని చెబుతుంది. చూపించే చోటు మూడు వేలవ వరుస. తప్పు జరిగింది ఆరు వందలవ వరుసలో కావచ్చు. ఎడమ బ్రాకెట్ ఎదురైనప్పుడల్లా దాని చోటును ఒక స్టాకు (దొంతర) మీద పెట్టి, మూసినప్పుడు తీసేస్తుంటే, ఫైలు అయిపోయినప్పుడు స్టాకు అడుగున ఉన్నదే మూయని రూపం మొదలైన చోటు. ఇంకాస్త చురుకుదనం కావాలంటే లిస్ప్ ప్రోగ్రామర్ల పాత అలవాటు ఒకటి అరువు తెచ్చుకోవచ్చు. వరుస మొదట్లోనే, ఖాళీ లేకుండా, ఎడమ బ్రాకెట్ ఉంటే అది కొత్త పై స్థాయి రూపమని ఈమాక్స్ ఎంతోకాలం నమ్మేది. మన సరుకుల ఫైలు కూడా అలాగే రాసి ఉంటుంది. స్టాకు ఖాళీ కాకముందే వరుస మొదట్లో బ్రాకెట్ కనిపిస్తే, అంతకుముందు సరుకు దగ్గరే ఏదో మూయలేదని అక్కడికక్కడే చెప్పవచ్చు.

పుస్తకం ఎంతకాలం

చోట్ల పుస్తకం ఎప్పుడు పారేయాలన్నది అది ఎలా నింపాలన్నదానికన్నా తక్కువ చర్చకు వస్తుంది. దెబ్బలు మాత్రం ఎక్కువగా ఇక్కడే తగులుతాయి. 64 బిట్ల మెషీన్‌లో ఒక కాన్స్ సెల్ 16 బైట్లు. దానికి హ్యాష్ టేబుల్‌లో ఒక పద్దు అంతకన్నా పెద్దది. పద్దు ఉన్నంతకాలం చెత్త సేకరణ, అంటే వాడని మెమరీని తిరిగి తీసుకునే పని, ఆ సెల్‌ను ఖాళీ చేయదు. పద్దు ఉన్నా వస్తువును పోనిచ్చే బలహీన హ్యాష్ టేబుల్స్ దీనికి మందు. అవి ప్రమాణంలో లేవు, కానీ ఎస్‌బీసీఎల్ వంటివి ఇస్తాయి. చిరునామా మీద ఆధారపడే టేబుల్ కాబట్టి చెత్త సేకరణలో సెల్స్ కదిలినప్పుడల్లా మళ్లీ సర్దుకోవాల్సిన ఖర్చు కూడా ఉంది.

ఖర్చు ఒక ఎత్తు, అబద్ధం మరో ఎత్తు. చదివిన డేటాను, ప్రతి అంశానికీ ఒక ఫంక్షన్‌ను వర్తింపజేసే మ్యాప్‌కార్‌తో మార్చితే కొత్త సెల్స్ పుడతాయి, వాటికి చోట్లు ఉండవు. ఇది మంచి వైఫల్యమే, చోటు తెలియదని తెలుస్తుంది. రిమూవ్ ఫలితంలో ముందు భాగం కొత్త సెల్స్, తోక పాతవి కావచ్చు, అంటే సగానికి చోటు ఉంటుంది, సగానికి ఉండదు. సార్ట్ ఉన్న లిస్టునే చెడగొట్టి సర్దే హక్కు ఉన్న ఫంక్షన్. లింకులు మార్చి సర్దిందా, సెల్స్‌లోని విలువలను అటూఇటూ మార్చి సర్దిందా అన్నది ఆ లిస్ప్ ఇష్టం. రెండోదైతే సెల్ పాతది, విలువ కొత్తది, పుస్తకం చెప్పే చోటు పూర్తిగా తప్పు. తప్పు వరుస చూపించే సందేశం, ఏ వరుసా చూపించని సందేశం కన్నా హీనం. చూపించిన చోట అంతా సరిగా ఉంటే మనిషి ప్రోగ్రామును అనుమానిస్తాడు, ఫైలును కాదు.

అందుకే సరుకుల ఫైలు వంటివాటికి క్రమం ఇలా ఉంటే మేలు: చదవడం, చదివిన రూపంలోనే, ఏదీ మార్చకముందే, సెల్స్ చేతిలో ఉండగానే పూర్తిగా తనిఖీ చేయడం, పుస్తకాన్ని పారేయడం, ఆ తర్వాతే సర్దడం, మార్చడం, లెక్కకట్టడం. అప్పుడు బలహీన టేబుల్ అవసరమే రాదు. తనిఖీ మొదటి తప్పు దగ్గరే ఆగకుండా అన్నిటినీ పోగుచేసి ఒక్కసారి చూపిస్తే ఫైలు సరిదిద్దేవారికి పది సార్లు తిరిగే శ్రమ తప్పుతుంది. గ్నూ పద్ధతిలో, నిలువు స్థానాన్ని ఒకటి నుంచి యూనికోడ్ గుర్తుల్లో లెక్కపెడితే, కందిపప్పు దగ్గర వచ్చే సందేశం ఇదీ:

సరుకులు.లిస్ప్:1874:24: ధర సంఖ్యగా ఉండాలి, "140" అనే స్ట్రింగు ఉంది